ఒక్క మాట వచ్చిన మూగవాడు

"ఆగమ్మా! అక్కడే ఆగు!" అని అరిచాను.

ఆ అమ్మాయి ఆగింది. తల మీద చేపల గంప, ఒక కాలు నేల మీద, రెండో కాలు గాలిలో. గాలిలో ఉన్న కాలి కింద నేను అప్పుడే గుగ్గిలం పూసి ఆరబెట్టిన పడవ పలక ఉంది.

కాలు వెనక్కి తీసుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నా పేరు నీకెట్ల ఎరుక?"

"మీ పేరా? నాకేం తెలుసండీ?"

"ఇప్పుడే పిలిస్తివి గద!"

"పిలవలేదండీ. ఆగమన్నాను."

"గదే గద! ఆగమ్మ అన్నవ్. నా పేరు ఆగమ్మనే. ఎవ్వలు జెప్పిన్రు నీకు? మా నాయిన జెప్పిండా?"

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. మా వైపు ముక్కూ మొహం తెలియని ఆడమనిషిని ఆగమనాలన్నా అలాగే అంటాం. అదే చెప్పాను.

"అట్లయితె మీ దిక్కు ఆడోళ్ళందరు ఆగమ్మలేనా?" అని గంప సర్దుకుని, పలకను చుట్టి వెళ్ళిపోయింది. మొహంలో నవ్వు లేదు. నాలుగడుగులు వేశాక భుజాలు కదిలాయి. నవ్వుతోందని వెనకనుంచే తెలిసింది.

అది 1948. శివరాత్రికి జరిగే ఏడుపాయల జాతర ముగిసి వారమైంది. మెదకు ఖిల్లాకు దిగువన ఉన్న చెరువు గట్టు మీద ఒక పాత టేకు పడవను బాగుచేయడానికి నేను బందరు నుంచి వచ్చి అప్పటికి మూడు రోజులు. నా పేరు నాంచారయ్య. మూడు తరాలుగా సముద్రానికి వెళ్ళే పడవలు కట్టే ఇంట్లో పుట్టాను.

పడవ వహీద్ సాహెబుగారిది. కచేరీలో కొలువు చేసి దిగిపోయిన పెద్దమనిషి. ఆయనకున్న సరదా ఒక్కటే, పొద్దున్నే పడవలో కూర్చుని గాలం వేయడం. చేపను పట్టేవారు. చేతిలోకి తీసుకుని కాసేపు చూసేవారు. గాలం మెల్లిగా ఊడదీసి మళ్ళీ నీళ్ళలో వదిలేసేవారు.

ఇది ఆగమ్మ తండ్రి భూమయ్యకు గిట్టేది కాదు. ఆయన అదే చెరువులో వల వేసి బతికే మనిషి.

"సాబ్, వట్టుడెందుకు, ఇడ్సుడెందుకు? చాప నోరు నొచ్చుడు దప్ప ఏమున్నది గిండ్ల?"

"అరె భూమయ్యా, పట్టేదాకనే మజా. తర్వాత దాని ఇంటికి అది, నా ఇంటికి నేను."

మెదకులో పలకల పడవను బాగుచేసేవాళ్ళు లేరు. ఇక్కడివాళ్ళకు తెప్పలే అలవాటు. అందుకే సాహెబుగారు తెలిసినవాళ్ళ ద్వారా బందరుకు ఉత్తరం రాయించి నన్ను పిలిపించారు. నేను రైల్లో అక్కన్నపేటలో దిగి, అక్కణ్ణుంచి ఎద్దుల బండిలో వచ్చాను. వెంట ఉలులు, సుత్తి, ఒక పెద్ద రేకు డబ్బా.

మర్నాడు ఆ డబ్బా మూత తీసేసరికి ఆగమ్మ మళ్ళీ వచ్చింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

"గిదేం కంపు? ఊరంత పరేషానైతుంది."

"సొర నూనె. చెక్కకు పూస్తే పుచ్చదు. నీళ్ళు లోపలికి పీల్చదు."

"సొరకాయ నూనె గింత కంపు గొడ్తదా! మా ఇంటెన్క పాదు నిండ సొరకాయలే. దేన్ల కెల్లి తీస్తరు? గింజలల్ల కెల్లా?"

"గింజలు కాదండీ. కార్జంలోంచి."

ఆమె గంప దించింది.

"సొరకాయకు కార్జం ఉంటదా?"

నాకు అప్పుడు తెలిసింది. కానీ సరిదిద్దబుద్ధి కాలేదు.

"పళ్ళు కూడా ఉంటాయి. వరసల మీద వరసలు."

"ఇంకేం జేస్తది మీ దిక్కు సొరకాయ?"

"మనిషిని కొరుకుతుంది."

గట్టంతా వినబడేలా నవ్వింది. నీళ్ళ అంచున కొంగలు లేచిపోయాయి. నేనూ నవ్వాను. తర్వాత చెప్పాను, సొర అంటే మా దగ్గర సముద్రపు చేప అని, ఒడ్డుకు దగ్గరగా, కాలవలు సముద్రంలో కలిసే చోట్లకు కూడా వస్తుందని.

"నిజంగనే కొరుకుతదా?"

"మా నాన్నకు మోచేతి కింద కుడి చెయ్యి లేదు. వల లాగుతుంటే వచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అదే పడవలో ఉన్నాను."

ఆమె నవ్వు ఆగిపోయింది.

"అప్పట్నుంచి పడవలు చేస్తాను గానీ, మోకాలి లోతు దాటి నీళ్ళలో దిగను" అన్నాను. ఈ మాట అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. ఆమెకెందుకు చెప్పానో తెలియదు.

మరుసటి రోజు పొద్దున నా ఉలుల పక్కన రెండు ఎండిన సొరకాయ బుర్రలు, తాడుతో కలిపి కట్టి ఉన్నాయి. ఇక్కడి పిల్లలు ఈత నేర్చుకునేటప్పుడు నడుముకు కట్టుకునేవి.

"గిది మా దిక్కు సొర. గిది కొరుకది. మునగనియ్యది" అంది దూరం నుంచి. ఆగకుండా వెళ్ళిపోయింది.

మాది బందరు అని చెప్పిన రోజు మాత్రం నన్ను చాలా ఏడిపించింది. ఉర్దూలో బందర్ అంటే కోతి. సాహెబుగారింట్లో ఆ మాట విని పెరిగిన పిల్ల. "సాబ్, మీ బందర్ చెట్టెక్కలే, పడవెక్కలే. ఏం కోతి గిది?" అనేది. సాహెబుగారు మీసాల్లో నవ్వుకునేవారు.

ఎండాకాలం వచ్చేసరికి నవ్వులు తగ్గాయి.

నిజాం రాజ్యం సరిహద్దులో రాకపోకలు ఆగిపోయాయి. నాకు ఇంటినుంచి ఉత్తరాలు రావడం మానేశాయి. గుగ్గిలం రాలేదు, మేకులు రాలేదు. పని సగంలో ఉండిపోయింది. ఊళ్ళో రజాకార్ల కవాతులు మొదలయ్యాయి. యూనియన్ వైపు నుంచి వచ్చినవాడు కనబడితే అయితే గూఢచారి, లేకపోతే సంగపోడు, అంటే కమ్యూనిస్టు. అక్కన్నపేట దారిలో గాజులమ్మే మా వైపు మనిషి ఒకణ్ణి మాట తీరును బట్టి గుర్తుపట్టి తీసుకుపోయారు. అతని గాజుల మలారం దారి పక్కన దొరికింది. అతను దొరకలేదు.

ఆ సంగతి చెప్పి భూమయ్య నా వైపు తిరిగాడు.

"నువ్వు నోరు తెరిస్తె సాలు, ఏడోనివో తెల్స్తది. నీతోని మా పానం గూడ పోతది."

"నేను వెళ్ళిపోతాను మామా."

"ఏడికి పోతవ్?" అంది ఆగమ్మ. "తొవ్వల నాలుగు తావుల నిలవెట్టి అడుగుతున్నరు. ఏమని జెప్తవ్? 'వెళ్తున్నానండీ' అంటవా?"

ఆ రోజునుంచి నాకు మాటలు నేర్పడం మొదలుపెట్టింది. ఆమె వలలు బాగుచేసేది, నేను పలకలు చిత్రిక పట్టేవాణ్ణి. చదువు సాగేది.

"వెళ్ళాడు గాదు. పోయిండు."

"పోయిండు."

"రండి గాదు. రాండ్రి."

"రాండ్రి."

"ఇలా గాదు. గిట్ల."

"గిట్లండీ."

ఆమె నుదురు కొట్టుకుంది.

"గిట్లండీ ఏంది, నా కర్మ! గీ 'అండీ' నీ పానం దీస్తది."

పదిహేను రోజులు ప్రయత్నించాం. పదాలు వచ్చాయి. సాగదీసి మాట్లాడే మా యాస మాత్రం పోలేదు. చివరికి ఒకరోజు వల పక్కన పడేసి తేల్చి చెప్పింది.

"నువ్వు మూగోనివి. అంతే. పేరు ఎల్లం. మా మేనత్త కొడుకువు. టేక్మాల్ల పుట్టినవ్. పుట్టు మూగ."

"మేనత్త కొడుకంటే... మీకు బావనవుతాను కదా?"

ఆమె తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"మూగోనికి గన్ని సవాళ్ళెందుకు?"

అలా ఆషాఢం నుంచి నేను మూగవాణ్ణయ్యాను. ఎవరూ లేనప్పుడు కూడా మాట్లాడవద్దని ఆమె ఆజ్ఞ. అలవాటు తప్పుతుందట. వాన పడుతుంటే ఇద్దరం పడవ మీద కప్పిన చాపల కింద కూర్చునేవాళ్ళం. ఆమె మాట్లాడేది. నేను తల ఊపేవాణ్ణి. వానకు తడిసిన ముంగురులు ఆమె నుదుటికి అతుక్కునేవి. వాటి గురించి ఒక్క మాటైనా అనాలని ఉండేది. నోరు ఉండీ అనలేకపోవడం ఎలా ఉంటుందో ఆ రెండు నెలల్లో తెలిసింది.

"ఏం జూస్తున్నవ్?" అనేది.

చెరువు వైపు చెయ్యి చూపేవాణ్ణి.

"చెరువు గిటు లేదు, గటున్నది" అనేది.

భాద్రపదం వచ్చింది. మూడు రోజులు విడవకుండా వాన. అలుగు పారి చెరువు పక్కనుంచి వెళ్ళే బాట మునిగింది. నాలుగో రోజు పొద్దున కాస్త తెరిపిచ్చింది. సాహెబుగారు గొడుగు వేసుకుని గట్టు మీదనుంచే గాలం వేసి కూర్చున్నారు. భూమయ్య వల ఆరేస్తున్నాడు. పడవ నీటి అంచున, సగం ఒడ్డు మీద ఉంది. పలకల మధ్య సందుల్లో నూనెలో నానిన పత్తి దారం దట్టించి కొట్టాలి. నీళ్ళను ఆపేది అదే. అడుగు పలక సందులో కుళ్ళిన పాత దారాన్ని వాన మొదలయ్యే ముందురోజే పీకేశాను. కొత్తది కొట్టేలోపు వాన ముంచుకొచ్చింది. మట్టి పడకుండా లోపల ఒక గోనెసంచి పరిచాను. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

అప్పుడు వాళ్ళు వచ్చారు. ఎనిమిది మంది. భుజాన తుపాకులు. ముందు నడిచేవాణ్ణి జమేదార్ అని పిలుస్తున్నారు. తెలుగు తెలిసిన పొరుగూరివాడు ఒకడు వెంట ఉన్నాడు.

"యే కౌన్ హై?" అని జమేదారు నా వైపు చూశాడు.

"మా మేనత్త కొడుకు సాబ్. ఎల్లం. పుట్టు మూగోడు" అంది ఆగమ్మ. ఆమె గొంతు వణకలేదు. చేతులు మాత్రం కొంగులో దాచుకుంది.

జమేదారు నా సామాను కాలితో కదిపాడు. రేకు డబ్బా కనబడింది. మూత తీయించాడు. వెంటనే మొహం తిప్పుకున్నాడు.

"క్యా హై యే?"

సముద్రపు చేప నూనె అంటే సముద్రం ఎక్కడుందని అడుగుతాడు.

"సొర నూనె సాబ్" అంది ఆగమ్మ నిదానంగా. "పడవకు వూస్తరు."

వెంట వచ్చినవాడు సొరకాయ అనుకుని తర్జుమా చేశాడు. "కద్దూ కా తేల్ హుజూర్."

"తోబా! ఈ కద్దూ ఎప్పుడు చచ్చింది?" అన్నాడు జమేదారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆమె అబద్ధం చెప్పలేదు. ఉన్న పేరే చెప్పింది.

వాళ్ళు వెళ్ళిపోతారనుకున్నాను. జమేదారు చెరువు అవతలి ఒడ్డు చూస్తున్నాడు. అక్కడ చెట్ల మధ్య సన్నగా పొగ. సంగపోళ్ళు దాక్కున్నారని అతని అనుమానం.

"బాట మునిగింది. పడవ తియ్యి. మావాళ్ళు నలుగురు పోతారు. ఈ పిల్ల నడుపుతుంది. తండ్రి ఇక్కడే నా దగ్గర ఉంటాడు. పడవ తిరిగి రాకపోతే చూసుకుందాం."

ఒకడు తుపాకి మొన భూమయ్య వీపుకు ఆనించాడు. భూమయ్య చేతిలో వల జారింది.

ఆగమ్మ తండ్రిని ఒకసారి చూసి, తెడ్డు అందుకుని పడవ వైపు నడిచింది.

నేను చేతులు ఊపాను. ఎవరూ చూడలేదు. ముందుకెళ్ళబోతే ఒకడు రొమ్ము మీద చెయ్యి వేసి నెట్టాడు. ఆ సందులోంచి నీళ్ళు వస్తే పడవ చెరువు మధ్య దాకా కూడా పోదు. ఆమెకు ఈత వచ్చు. కానీ బూట్లు వేసుకున్న నలుగురు మునుగుతూ ఆమెనే పట్టుకుంటారు. ఒడ్డున భూమయ్య వీపుకు తుపాకి ఉంది. నోరు తెరిస్తే నేను పోతాను. తెరవకపోతే వాళ్ళిద్దరూ పోతారు.

ఆమె ఒక కాలు నేల మీద పెట్టి, రెండో కాలు పడవలోకి ఎత్తింది.

"ఆగమ్మా!"

ఆమె ఆగింది. కాలు గాలిలోనే ఉంది.

అందరూ ఆగారు. వాన చినుకులు నీళ్ళ మీద పడే చప్పుడు వినబడింది. మరుక్షణం తుపాకి గొట్టం నా గొంతుకు తగిలింది.

"గూంగా బోలా!" అన్నాడు జమేదారు. "మూగోడన్నారు కదా?"

ఆగమ్మ పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. మాట వచ్చింది సాహెబుగారికి. ఆయన గాలం కర్ర కింద పెట్టి లేచారు. కర్ర నీళ్ళలోకి జారిపోతోంది. చేప పడ్డట్టుంది. ఆయన వెనక్కి చూడలేదు.

"జమేదార్ సాబ్, వాడికి ఒక్కటే మాట వస్తుంది. ఆ పిల్ల పేరు. ఆగమ్మ. చిన్నప్పట్నుంచి అదొక్కటే. ఇంకేం రాదు."

"ఒక్కటే మాటా?"

"ఒక్కటే."

జమేదారు నా మొహంలోకి మొహం పెట్టి చూశాడు.

"మళ్ళీ అను."

"ఆగమ్మా."

అతను చెరువు చూపించాడు. "ఇదేంది?"

"ఆగమ్మా."

ఆకాశం చూపించాడు.

"ఆగమ్మా."

తుపాకి ఎత్తి నా కళ్ళ ముందు పెట్టాడు. "ఇది?"

"ఆగమ్మా" అన్నాను.

వెనక ఒకడు కిసుక్కున నవ్వాడు. ఇంకొకడు అందుకున్నాడు. నేను ఆమెను చూశాను. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. పెదాలు మాత్రం నవ్వును ఆపుకోలేకపోతున్నాయి. రెండు నెలలుగా నేను అనలేకపోయిన మాటలన్నీ తండ్రి ముందు, తుపాకుల ముందు ఒకటే మాటగా వచ్చాయి. అది ఆమెకు తెలిసిపోయింది.

"మరి ఇప్పుడెందుకు అరిచాడు?"

నేను పాక్కుంటూ పడవ దగ్గరికి పోయాను. గోనెసంచి లాగేశాను. అడుగు పలక సందులో వేళ్ళు దూర్చి చూపించాను. అప్పటికే నీళ్ళు బుడబుడమంటూ లోపలికి వస్తున్నాయి.

జమేదారు వంగి చూశాడు. తన మనుషుల బూట్లు చూశాడు. తర్వాత తుపాకి భుజానికి తగిలించుకుని భూమయ్య వైపు తిరిగాడు.

"వీడికి ఆ పిల్లనిచ్చి షాదీ చెయ్యి. లేకపోతే ఉన్న ఒక్క మాటా పోతుంది."

వాళ్ళు గట్టు మీద మేస్తున్న భూమయ్య మేకపిల్లను తోలుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు కనుమరుగయ్యేదాకా ఎవరమూ కదలలేదు. ఆ తర్వాత నేను గట్టు మీద కూలబడి వాంతి చేసుకున్నాను. ఆగమ్మ వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది. భూమయ్య చూసి, జారిపోయిన వల ఎత్తుకున్నాడు.

పది రోజుల్లో పోలీసు చర్య వచ్చింది. విమానాలు తిరిగాయి. నిజాం లొంగిపోయాడన్నారు. నేను మళ్ళీ మాట్లాడవచ్చన్నారు. కానీ భయం పోలేదు, ఇల్లు మారింది. ఇప్పుడు తలుపులు కొట్టేది రజాకార్ల మీది పగను ముస్లింలందరి మీదా తీర్చుకునేవాళ్ళు, దాక్కునేది వహీద్ సాహెబుగారు. ఆయన తొమ్మిది రోజులు భూమయ్య ఇంటి లోపలి గదిలో వలల వెనక కూర్చున్నారు. తలుపు దగ్గర జవాబు చెప్పింది మళ్ళీ ఆగమ్మే.

"ఎవ్వలు లేరు. మా బావున్నడు. గాయినకు మాటలు రావు. లోపటికొస్తె కంపు. సొర నూనె కింద వడ్డది" అనేది.

నిజంగానే డబ్బాలో సగం నూనె గుమ్మంలో పోసింది. ఎవరూ లోపలికి రాలేదు.

ఆశ్వయుజంలో దారులు తెరిచారు. మా అమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నేను చచ్చిపోయాననుకుని ఏడ్చి ఏడ్చి కళ్ళు కనబడటం లేదని ఎవరిచేతో రాయించింది. పడవ పని పూర్తిచేసి మూట కట్టుకున్నాను. భూమయ్య వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"పోతున్నవా?"

"పోతున్న మామా" అన్నాను. ఈసారి 'అండీ' రాలేదు.

"పోయి మీ అమ్మను దోల్కరా. మూగోనికి నేను పిల్లనియ్య. నోరు తెరిచి అడుగు, అప్పుడు జూస్త."

గట్టు మీదికి పరుగెత్తాను. ఆగమ్మ గంప నెత్తిన పెట్టుకుని బజారు వైపు పోతోంది. నేను బయలుదేరుతున్నానని తెలుసు. కావాలనే వెనక్కి చూడటం లేదు. నడకలో కోపం ఉంది.

"ఆగమ్మా!"

ఆగింది. తిరగలేదు.

"పేరు వెట్టి పిలుస్తున్నవా, ఆగుమంటున్నవా?"

"రెండూ."

గంప దించింది. అప్పుడు తిరిగింది.

"నెల దినాల్ల రాకపోతె నేనే బందర్‌కొస్త. కోతులను, సొరలను అన్నిట్ని దాటుకుంట వస్త. ఎరుకేనా?"

"ఎరుకే."

"గట్ల కాదు. ఇంకేందో అనాలె నువ్వు. తుపాకి ముంగట గన్నిసార్లు అన్నోనివి, ఇప్పుడేమాయె?"

చెరువు చూపించి అన్నాను. ఆకాశం చూపించి అన్నాను. మూడోది చూపించడానికి తుపాకి లేదు. నా గుండె మీద చెయ్యి పెట్టుకుని అన్నాను. ఆమె చేపల గంప అక్కడే వదిలేసి దగ్గరికి వచ్చింది.

ఇరవై ఆరో రోజున అమ్మను వెంటబెట్టుకుని తిరిగి వచ్చాను. పెళ్ళిలో సాహెబుగారు నాకు తన గాలం కర్ర ఇచ్చారు. తర్వాత నేను ఇక్కడి బళ్ళోనే పిల్లలకు వడ్రంగం నేర్పే మాస్టారునయ్యాను. సాహెబుగారి తర్వాత పడవ మాకే మిగిలింది. ఏటా ఎండాకాలం దారం పీకి కొత్తది కొడతాను, సొర నూనె పూస్తాను. సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకుని, ఆమె చెయ్యి పట్టుకుని, నడుము లోతు దాకా దిగడం కూడా నేర్చుకున్నాను. దాన్ని ఈత అనకూడదని ఆమె అనేది.

నలభై ఒక్క ఏళ్ళు, నేను పిలిచినప్పుడల్లా ఆమె అదే ప్రశ్న అడిగింది. వంటింట్లోంచి, పెరట్లోంచి, చెరువు గట్టు మీదనుంచి. పేరు పెట్టి పిలుస్తున్నవా, ఆగుమంటున్నవా?

మొన్న మాఘంలో, దవాఖానాలో, మంచం పక్కన కూర్చుని పిలిచాను. ఆమె అడగలేదు.

అడిగి ఉంటే, రెండూ అనే చెప్పేవాణ్ణి.